సాగరం మీద పుట్టి ప్రయాణం

మా ఇంట్లో సాగరు చేప వండరు. నరసరావుపేట మార్కెట్లో చేపలమ్మే ఆవిడ "సాగరు బొచ్చె, సార్, ఇంకా తోకాడిస్తోంది" అని ఎంత ఊరించినా, నేను తల అడ్డంగా తిప్పి ఏ చెరువు చేపనో సంచిలో వేయించుకుని వస్తాను. ఇదేదో నోమూ కాదు, వైద్యుడు పెట్టిన పథ్యమూ కాదు. మా అమ్మ ఆజ్ఞ.

"మా వూరిని మింగిన నీళ్ళురా అవి. ఆ నీళ్ళలో తిరిగిన చేపను నేను ముట్టను" అంటుంది.

అమ్మ పుట్టిన పల్లె నాగార్జునకొండ లోయలో ఉండేది. దాని పేరు చెప్పినా మీరిప్పుడు పటంలో పట్టుకోలేరు గనుక చెప్పను. ఆనకట్ట లేస్తున్న రోజుల్లో, తనకు తొమ్మిదో పదో ఏళ్ళప్పుడు, బండి మీద తట్టాబుట్టా వేసుకుని వాళ్ళ నాన్నతో మాచర్ల వైపు వచ్చేసింది. తర్వాత నీళ్ళు వచ్చాయి. అంతే. మళ్ళీ ఆ దిక్కు తొంగి చూడలేదు. అందరూ బస్సు కట్టించుకుని డ్యాం చూడబోయినా అమ్మ మాత్రం ఇంటికి కాపలా ఉంటానని మిగిలిపోయేది.

"మన కుళాయిలో వచ్చేవీ ఆ నీళ్ళే గదమ్మా?" అని చిన్నప్పుడు ఒకసారి తెలివితేటలు ప్రదర్శించాను.

"నీళ్ళు పైనుంచి వస్తాయి. చేప అడుగున మేస్తుంది" అంది అమ్మ. దానికి నా దగ్గర జవాబు లేకపోయింది.

అటువంటి మనిషి, మొన్న సంక్రాంతి వెళ్ళిన మర్నాడు అరిసెల డబ్బా మూత బిగిస్తూ, ఉన్నట్టుండి, "ఎక్కడెక్కడో తిరిగి ఏమేమో రాస్తావు గదా. ఒకసారి పోయి మా వూరు యాడుందో చూసి రారాదూ?" అంది.

నేను తెల్లబోయాను. నీళ్ళ కింద ఉన్న ఊరిని ఎలా చూసేది?

"పండుగ రోజుల్లో మా వాకిట్లో నిలబడితే పొద్దు సరిగ్గా కొండ నెత్తిన కుంగేది. అప్పుడు మా అమ్మ దీపం పెట్టేది. కొండ ఇంకా ఉంది గదా? పొద్దూ ఉంది గదా?" అంది.

కాలేజీ తెరవడానికి రెండు రోజుల గడువుంది. చేతిసంచిలో ఒక దుప్పటి, అరిసెలు ఓ పొట్లం పెట్టుకుని మాచర్ల బస్సెక్కాను.

పల్నాడంటే శ్రీనాథుడికి బొత్తిగా గిట్టలేదని మా పిల్లలకు ఏటేటా పాఠం చెబుతాను. జొన్నకూడూ, నాపరాళ్ళూ తప్ప ఇక్కడేముందని ఆయన పేరు మీద చాటువులు వాడుకలో ఉన్నాయి. ఆ మహానుభావుడు ఇప్పుడు వస్తే ఏమనేవాడోగాని, దారి పొడుగునా పత్తి, మిరప. కళ్ళాల్లో అప్పుడే మొదటి కోత కాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి. బస్సు కిటికీలోంచి ఘాటు వచ్చి తుమ్ములు తెప్పించింది. ఇదంతా కుడికాలువ చలవ. దానికి జవహర్ కాలువ అని పేరు. నెహ్రూగారు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన చేసిన ఆనకట్ట నుంచి ఇందిరాగాంధీ 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదిలారు. పల్నాడు 2022లో విడి జిల్లా అయిందిగాని, ఈ నేల రాత మారింది ఆ 1967లోనే. ఇది కాదనేందుకు నేనెవరిని? నేను చదువుకున్న చదువు కూడా ఆ కాలువ కింద పండిన పంట డబ్బే.

మాచర్ల నుంచి విజయపురి సౌత్, అక్కడి నుంచి ఆటోలో అనుపు చేరేసరికి పొద్దు నడినెత్తి దాటింది.

అనుపు చూసినవారికి తెలుసు. కొండ అంచున, నీటి ఒడ్డున, ఇక్ష్వాకుల కాలపు విహారాలు, మెట్లు మెట్లుగా ఉన్న రంగస్థలం అక్కడ తిరిగి కట్టి నిలబెట్టారు. లోయలో శిథిలాలున్నాయని 1926లో రంగస్వామి సరస్వతిగారు కనిపెట్టారు. తర్వాత లాంగ్‌హర్స్ట్ దొర కొన్నేళ్ళు తవ్వించాడు. ఆనకట్ట వస్తుందని తేలాక 1954 నుంచి 1960 దాకా సుబ్రహ్మణ్యంగారి ఆధ్వర్యాన పురావస్తు శాఖవారు లోయ నంతటినీ హడావిడిగా తవ్వి, ముఖ్యమైన కట్టడాలను విప్పి, కొన్నిటిని కొండ మీదికీ కొన్నిటిని అనుపుకూ చేర్చారు. మా తాత ఆ తవ్వకాల్లో మట్టి తట్టలు మోశాడట. వీరపురుషదత్తుడి కాలపు ఇటుకలను పదిలంగా పైకి చేర్చిన చేతులతోనే తన యింటి దూలాలు ఊడదీసి బండికెత్తుకున్నాడు. ఆ రంగస్థలం మెట్ల మీద కాసేపు కూర్చున్నాను. ఎంత పొందిగ్గా ఉందో! మా అమ్మ వాళ్ళ గోడ ఒక్కటైనా ఇక్కడికి తెచ్చి ఉంటే బాగుండుననిపించింది. మూడో శతాబ్దపు గోడకున్న విలువ ఇరవయ్యో శతాబ్దపు మట్టిగోడకు ఉండదు గదా!

ఒడ్డున నాలుగైదు పుట్లు బోర్లించి ఉన్నాయి. వాటి పక్కన ఒక పెద్దాయన వల చిరుగులు కుడుతున్నాడు. అరవై దాటి ఉంటాయి. వాళ్ళ నాన్న ఆనకట్ట కట్టే రోజుల్లో విశాఖపట్నం వైపు సముద్రపు ఒడ్డు నుంచి వచ్చాడట. నీళ్ళు నిండితే వేటకు లోటుండదని విని వచ్చి, ఇక్కడే గుడిసె వేశాడు. ఇతను ఈ ఒడ్డునే పుట్టాడు. అయినా మాటలో ఆ ఉత్తరాంధ్ర యాస ఇంకా పోలేదు. మా అమ్మ వాళ్ళను వెళ్ళగొట్టిన నీరే ఇతని వాళ్ళను పిలిచిందన్నమాట.

నా సంగతి విని దారం కొరికి, "పొద్దు నెలకో సోట కుంగుతాది బాబూ. ఉగాదికి ఒక సోట, సంకురాత్రికి ఒక సోట. ఏ నెలని సెప్పినారు మీ అమ్మగారు?" అన్నాడు.

"సంక్రాంతి రోజుల్లో."

"అయితే మంచి రోజునే ఒచ్చినారు. వల కట్టడానికి ఎలాగూ ఎల్తాను. కూకోండి, సూపిస్తాను."

పుట్టి ఎక్కడమంటే పడవ ఎక్కడం కాదు సుమండీ! వెదురు బద్దలతో అల్లిన పెద్ద గంప అది. పూర్వం దానికి గేదె తోలు తొడిగేవారు. ఇప్పుడు ప్లాస్టిక్ పట్టా వేసి తారు పూస్తున్నారు. దానికి ముందూ వెనకా లేవు. నేను దర్జాగా కాలు పెట్టి నిలబడబోయేసరికి సాగరం ఒక్కసారి నా మొహం మీదికి లేచినట్టయింది. పెద్దాయన నా భుజం పట్టి కూలేశాడు. "గంగాళంలో కూకున్నట్టు కూకోండి బాబూ, నడిమిన" అన్నాడు. తరువాత రెండు గంటలు నేను కదలలేదు. కాళ్ళు తిమ్మిరెక్కి నా కాళ్ళు కాకుండా పోయాయి.

అతను నాకెదురుగా మోకాళ్ళ మీద కూర్చుని, తెడ్డును ముందుకు చాచి తనవైపు లాక్కుంటున్నాడు. ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకి. రెండువైపులా సమంగా పడకపోతే పుట్టి ఉన్నచోటనే బొంగరంలా తిరుగుతుంది. నన్నొకసారి వేసి చూడమన్నాడు. తిరిగింది.

"మొసళ్ళున్నాయా?" అన్నాను, చెయ్యి నీళ్ళలోంచి తీసి ఒళ్ళో పెట్టుకుంటూ.

"ఉన్నాయి బాబూ. ఆటి పని ఆటిది."

ఒడ్డు వెంట కొంతదూరం పోయాక పుట్టిని లోపలికి తిప్పాడు. పడమట కొండ కనిపిస్తోంది. కొండ అంటున్నానుగాని ఇప్పుడది దీవి. చుట్టూ నీళ్ళు, పైన చెట్లు, మ్యూజియం. కింది భాగమంతా మునిగిపోయి భుజాల దాకా నీళ్ళలో దిగిన మనిషిలా ఉంది. పొద్దు దానికి కొంచెం ఎడంగా, ఎర్రగా దిగుతోంది. పెద్దాయన తెడ్డు వేస్తూ మధ్య మధ్య తలెత్తి చూసి, పుట్టిని ఇంకొంచెం పక్కకు జరుపుతున్నాడు. పొద్దు కొండ వైపు జరిగిందో, మేమే జరిగామో, చివరికి రెండూ కలిశాయి. సరిగ్గా కొండ నెత్తిన కూర్చుంది సూర్యబింబం. నీళ్ళ మీద కొండ నీడ సాగి సాగి వచ్చి మా పుట్టిని కప్పింది. ఎక్కడలేని చలి వేసింది.

"ఈ గీత మీదే బాబూ మీ అమ్మగారి ఊరు" అన్నాడు. "గీత మటుకు సెప్పగలను. దూరం సెప్పలేను. ఇక్కడైనా కావచ్చు, ఇంకా లోపలికైనా కావచ్చు."

నేను మరో సందేహం తీసుకొచ్చాను. అమ్మ చూసింది లోయ అడుగున నిలబడి. మనం దానికి ఎంతో పైన నీళ్ళ మీద కూర్చుని చూస్తున్నాం. అక్కడికి పొద్దు ఇంకా ముందే కొండ చాటుకు పోయి ఉండాలి గదా! అతను ఆలోచించి, "అయితే రవ్వంత అటు" అని తెడ్డుతో కుడివైపు చూపించాడు. ఆ రవ్వంత ఎంతో ఇద్దరికీ తెలియదు.

"ఎంత లోతుంటుంది?"

అతను మాట్లాడకుండా వలకు కట్టే రాయి తీసి, ఉన్న తాళ్ళు రెండూ కలిపి ముడేసి వదిలాడు. తాడు అతని వేళ్ళ మధ్య నుంచి జరజరా జారిపోతోంది. బారలు లెక్క పెడుతున్నాడు. పన్నెండు, పదమూడు. ఇరవై బారలకు తాడు కొస చేతికి వచ్చింది. రాయి ఇంకా వేలాడుతూనే ఉంది. నన్ను పట్టుకోమని ఇచ్చాడు. ఆ బరువు పట్టుకుని ఎంతసేపున్నానో తెలియదు. నూరడుగుల పైచిలుకు తాడు కింద ఒక రాయి. దాని కింద ఇంకెంతో నీరు. ఆ కింద మా అమ్మ వాకిలి. వాకిలి కూడా కాదు, దాని మీద ఒండ్రు. సాగరం పూర్తిమట్టం 590 అడుగులు. ఆ మట్టానికి మొదట్లో 408 టీఎంసీలు పట్టేదని అంచనా. ఒండ్రు పేరుకుని ఇప్పుడు 312కు వచ్చింది. ఆ తేడా అంతా కృష్ణమ్మ తెచ్చి పోసిన మట్టే. గోడలున్నా ఈపాటికి ఆ మట్టి కప్పేసి ఉంటుంది.

"ఇవ్వండి బాబూ, వల కట్టాలి, సీకటడిపోతాది" అన్నాడు పెద్దాయన.

ఒడ్డు వైపు జరుగుతూ వచ్చి రాయి నేలకు నిలిచిన చోట ఆగాడు. "గీత మీదే ఉన్నాం, మీ కోసం" అన్నాడు. బెండ్లు కట్టిన పై తాడు ఒక్కొక్క మడతే విప్పుతూ, పుట్టిని కాలితో తిప్పుకుంటూ, వలను నీళ్ళలోకి గోడలా దించాడు. పెద్ద కన్నుల వల. చిన్నచేప అందులోంచి దూరిపోతుంది. పెద్దది తల దూర్చి, వెనక్కి రాబోయి, మొప్పల దగ్గర చిక్కుతుంది. చివర ఒక ఖాళీ డబ్బా కట్టి వదిలాడు. అంతే. మిగిలిన పని రాత్రిది.

ఆ రాత్రి వాళ్ళ గుడిసె ముందు మంట దగ్గర కూర్చున్నాం. నా అరిసెలు వాళ్ళ పిల్లలకు, వాళ్ళ చేపల పులుసు నాకు. అందులోవి ఎక్కువ జిలేబీ చేపలు. "ఇయ్యే పడతాన్నాయి బాబూ ఇప్పుడు. బొచ్చె, శీలావతి, మోసు తగ్గిపోనాయి" అన్నాడు. ఆ మూడూ పారే నీటిలోనే గుడ్లు పెడతాయి. నిలిచిన నీటిలో వాటి సంతతి తనంతట తాను పెరగదు. ప్రభుత్వం పిల్లలను తెచ్చి వదలాలి. వదిలిన యేడు వేట బాగుంటుంది. జిలేబీకి ఆ బాధ లేదు, ఎక్కడైనా పిల్లల్ని పెడుతుంది. వలలో పడినవాటిని నీటికుక్కలు కొరుక్కుపోవడం మరో బెడద. చేపను తిని వెళితే అదొక సరదా, వలను కూడా చింపి వెళతాయి. వల కొనాలంటే మళ్ళీ అప్పు. పెద్ద కొడుకు హైదరాబాదులో భవనాలకు రంగులు వేస్తున్నాడు. "ఆడికి తెడ్డెయ్యడం మాబాగా ఒచ్చు బాబూ" అన్నాడు పెద్దాయన. కొంతసేపు ఎవరమూ మాట్లాడలేదు.

నేను మాట మార్చడానికి మా కాలేజీలో ఇంగ్లీషు చెప్పే మిత్రుడి సంగతి ఎత్తాను. ఆయన ఏ నవల చదివినా అందులో దొరలు పడవేసుకుని ట్రౌట్ అనే చేపను పట్టడానికి బయల్దేరతారు. బ్రిటిషువారికి ఆ చేప మీద ఎంత మోజంటే, దాని గుడ్లు ఓడల మీద తెప్పించి నీలగిరి కొండవాగుల్లో పెంచారు. ఊటీ దగ్గర ఇప్పటికీ ఉంది. దానికి మంచులా చల్లటి నీరు కావాలి.

"మన రెంటచింతల ఎండకి ఆ సేప నీల్లలోనే ఉడికిపోతాది బాబూ" అన్నాడు పెద్దాయన. "ఉప్పూ కారం ఏస్తే సాలు."

ఆ నవ్వులోనే అమ్మ చేప ముట్టని సంగతి కూడా చెప్పాను, 'చేప అడుగున మేస్తుంది' అన్న మాటతో సహా. అతను నవ్వలేదు. బీడీ ఆర్పి లోపలికి వెళ్ళి పడుకున్నాడు.

తెల్లవారుజామున లేపాడు. నీళ్ళ మీద మంచు కప్పి కొండా లేదు, ఒడ్డూ లేదు. ఆ తెల్లటి గుడ్డలో ఎటు పోతున్నామో నాకు అంతుబట్టలేదుగాని, అతని పుట్టి మాత్రం తిన్నగా వెళ్ళి ఆ డబ్బాకు తగిలింది. వల లాగడం మొదలుపెట్టాడు. మొదటి పదిబారలు ఖాళీ. తర్వాత మూడు జిలేబీలు. ఒకచోట చేప తల మాత్రం ఉంది. నీటికుక్క తన వాటా తీసుకుంది. ఆ పక్కన చెయ్యి పట్టేంత చిరుగు. పెద్దాయన దాన్ని వేళ్ళతో కొలిచి చూసి నోరు విప్పలేదు. తర్వాత నేల వైపు అంచున ఒక మోసు, ఆ వెనకే ఒక వాలుగ. వాలుగ మీసాలు తిప్పుతూ నా కాలి దగ్గర పడి కొట్టుకుంటుంటే నేను పుట్టి అంచుకు జరగబోయి తిట్లు తిన్నాను.

ఆఖరున పై తాడు దగ్గరగా, బెండ్ల కిందనే, ఒక బొచ్చె. నాలుగు కిలోలకు తక్కువుండదు. తల పెద్దది, వెండిలా పొలుసు. దాన్ని విడదీసి రెండు చేతులా పట్టుకుని నా మొహం ముందు పెట్టాడు.

"దీని మూతి సూడండి."

చూశాను. కింది పెదవి ముందుకు వచ్చి, నోరు పైకి తిరిగి ఉంది.

"ఇప్పుడు దీని మూతి సూడండి" అని మోసును చూపించాడు. దాని నోరు కిందికి ఉంది. "ఇది అడుగున బురదలో మేస్తాది. శీలావతి నడిమిన తిరుగుతాది. బొచ్చె పైన మేస్తాది బాబూ. అడుక్కి పోదు. మీ అమ్మగారి ఊరి జోలికి ఇది ఎల్లనేదు. తీసుకెల్లండి."

డబ్బు ఇవ్వబోతే పుచ్చుకోలేదు. ఆ రోజు దొరికినదానిలో ధర పలికేది అదొక్కటే. వల చిరిగి ఉంది. నేను మూడుసార్లు బతిమాలి, చివరికి నోట్లు మడిచి అతని వల మూటలో బెండ్ల మధ్య దోపి వచ్చాను. చూశాడో లేదో తెలియదు.

మాచర్లలో ఐసు ముక్కలు కొని చేపను గోనెలో చుట్టి, బస్సులో అందరి చేతా ముక్కులు మూయించుకుంటూ సాయంత్రానికి నరసరావుపేట చేరాను. అమ్మ వాకిట్లోనే కూర్చుని ఉంది.

"కనపడిందా?"

అంతా చెప్పాను. పొద్దు కొండ నెత్తిన కూర్చోవడం, నీడ రావడం, ఇరవై బారల తాడు. ఒండ్రు సంగతి చెప్పలేదు. తాడు అందలేదని చెప్పినప్పుడు మాత్రం "లోతేలే. మా యింటి ముందు నుంచి కొండ ఎక్కాలంటే కాళ్ళు పీక్కుపోయేవి" అంది. తర్వాత గోనె వంక చూసింది.

నేను గబగబా విప్పి, పాఠం చెప్పే గొంతుతో మొదలుపెట్టాను. "ఇది బొచ్చె అమ్మా. దీని నోరు చూడు, పైకి తిరిగి ఉంది. అంటే ఇది అడుగుకు పోదన్నమాట, నీటి పైపైన ఉండే..."

"బొచ్చె పైన మేస్తుందని నాకు చెబుతున్నావా?" అంది అమ్మ. "కృష్ణ ఒడ్డున పుట్టినదాన్ని."

"తెలిస్తే మరి ఇన్నాళ్ళూ..."

అమ్మ వినిపించుకోలేదు. చేప దవడ కింద వేలు పెట్టి మొప్ప ఎత్తి చూసింది. ఎర్రగానే ఉంది. కత్తిపీట ఎక్కడ పెట్టారో అడుగుతూ లేచి, చింతపండు నానెయ్యమని లోపలికి కోడలికి కేకేసింది.